మా చిట్టిని ఎవరైనా తీసుకుంటారా? (రామంతాపూర్, హైదరాబాద్)

చిట్టి_వాళ్ళమ్మ · ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా చిట్టికి ఒక మంచి ఇల్లు కావాలి. ఆడకుక్క, నాటుదే, ఐదేళ్ళు. 2020 లాక్‌డౌన్‌లో మా సందు చివర కాలువ పక్కన దొరికింది. అప్పటికి కళ్ళు కూడా తెరవలేదు. సిరంజితో పాలు పట్టి పెంచాం. ఎవర్నీ కరవలేదు. మా పాప స్కూలు నుంచి వచ్చే టైముకి గేటు దగ్గర కూర్చుంటుంది.

మా ఆయన ఆటో నడుపుతారు. రెండు నెలల కిందట యాక్సిడెంట్ అయి కాలికి రాడ్ వేశారు. ఆటో కిస్తీ ఆగలేదు, ఆదాయం మాత్రం ఆగింది. నేను రెండిళ్ళలో వంట చేస్తున్నాను. నాలుగు రోజుల నుంచి చిట్టి తిండి ముట్టడం లేదు, జ్వరంగా ఉంది. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే టెస్టులు, సెలైన్లు కలిపి 6,500 అవుతుందన్నారు. అంత లేదని చెప్పి వెనక్కి తెచ్చేశాను. పైగా ఇంటి ఓనరమ్మ నెలాఖరుకి కుక్కైనా వెళ్ళాలి, మేమైనా వెళ్ళాలి అంటోంది.

వైద్యం చేయించి చూసుకునేవాళ్ళు ఉంటే ఇచ్చేస్తాను. డబ్బులేమీ వద్దు. అప్పుడప్పుడు ఫోటో పంపితే చాలు.

వనస్థలి_సుజాత · ఆదివారం, రాత్రి 10:47

అమ్మా, మీకు చిట్టిని ఇచ్చేయాలని ఉందా, లేక వేరే దారి కనపడక ఇస్తున్నారా? తప్పు పట్టడానికి అడగడం లేదు. మేము నలుగురం ఆడవాళ్ళం, ఇద్దరు కుర్రాళ్ళు కలిసి ఉప్పల్ నుంచి వనస్థలిపురం దాకా ఇలాంటి ఇళ్ళకి వెళ్తుంటాం. "దత్తత కావాలి" అని పెట్టినవాళ్ళని మేము మొదట అడిగేది ఇదే.

మీరు రాసినదాంట్లో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. చిట్టి జ్వరం, తిండి ఖర్చు, ఓనరమ్మ. ఇందులో జ్వరం రేపే చూడాలి. మిగతావాటికి నెలాఖరు దాకా టైముంది. ఐదేళ్ళ నాటుకుక్కని, అదీ ఒంట్లో బాగాలేనిదాన్ని, కొత్తవాళ్ళు తీసుకోవడం చాలా అరుదు. కుక్కపిల్లల్నే ఎవరూ తీసుకోవడం లేదు.

చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయో పెదవి ఎత్తి చూసి చెప్పండి. ఒంటి మీద గోమార్లు, అదే రక్తం తాగే పురుగులు, ఉన్నాయా?

చిట్టి_వాళ్ళమ్మ · ఆదివారం, రాత్రి 11:05

తెల్లగా పాలిపోయి ఉన్నాయక్కా. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో గోమార్లు ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి పీకుతూనే ఉన్నాను, మళ్ళీ వస్తున్నాయి.

ఇవ్వాలని లేదక్కా. పాపకి ఇంకా చెప్పలేదు.

పల్లె_పశువైద్యుడు · సోమవారం, ఉదయం 5:50

ముప్పై ఏళ్ళు పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరయ్యాను. చూడకుండా రోగం పేరు చెప్పకూడదు గానీ, గోమార్లు, జ్వరం, పాలిపోయిన చిగుళ్ళు, తిండి మానేయడం కలిస్తే మొదట అనుమానించేది టిక్ ఫీవర్‌నే, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం. కోస్తా వైపు గోమార్లనే పిడుదులు అంటారు. అవి రక్తం తాగుతూ ఎర్లిషియా లాంటి సూక్ష్మజీవుల్ని ఎక్కిస్తాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కులోంచి రక్తం కారినా, పొట్ట చర్మం మీద ఎర్ర మచ్చలు కనిపించినా ఒక్క పూట కూడా ఆగకండి.

తొందరగా పట్టుకుంటే దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. డాక్సీసైక్లిన్ అనే పాత మాత్రే, మామూలుగా నాలుగు వారాలు వాడిస్తారు. ఎంత వేయాలన్నది బరువు తూచి డాక్టరే చెప్పాలి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రక్తపరీక్ష అక్కడే చేయించుకోవచ్చు. ఉదయాన్నే వెళ్ళండి, రద్దీగా ఉంటుంది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి కూడా మంచిదే, మీకు దూరం.

ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. జ్వరం కదా అని మనం వేసుకునే మాత్రలు వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టని, కిడ్నీల్ని పాడు చేస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే పారాసెటమాల్ ఒక్క మాత్రతోనే దాని ప్రాణం పోవచ్చు. ఇలా పోయినవాటిని నా సర్వీసులో చాలా చూశాను. పెట్టినవాళ్ళందరూ ప్రేమతోనే పెట్టారు.

వనస్థలి_సుజాత · సోమవారం, ఉదయం 6:15

థాంక్స్ డాక్టరుగారూ. అమ్మా, మా తమ్ముడు 7:30కి బండి తీసుకుని మీ ఇంటికి వస్తాడు. చిట్టిని పాత దుప్పట్లో చుట్టి ఉంచండి. అడ్రసు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి.

నిజం_చెప్తా · సోమవారం, ఉదయం 9:30

నేను చెప్పేది కొందరికి నచ్చదు. సాకలేనివాళ్ళు కుక్కని ఎందుకు తెచ్చుకోవాలి? పిల్ల చదువుకి, ఇంటి అద్దెకి డబ్బు లేనప్పుడు కుక్కకి వైద్యం ఎక్కడి నుంచి వస్తుంది? మీరు ఈ నెల సాయం చేస్తారు. వచ్చే నెల? ప్రతి నెలా ఎవరో ఒకరి దయ మీద ఆ కుక్క బతకాలా? దాని మంచి కోరితే స్తోమత ఉన్నవాళ్ళకి ఇప్పించండి.

బెజవాడ_శీను · సోమవారం, మధ్యాహ్నం 1:10

అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకునేవాణ్ణి.

2024 సెప్టెంబర్ 1న మా విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు నేను పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు పంచే పడవల్లో తిరిగాను. ఒక రేకుల ఇంటి పక్క డాబా మీద ఒక పెద్దాయన, ఆయన కుక్క ఉన్నారు. పడవలో మనుషులకే చోటుందని అంతకుముందు వచ్చినవాళ్ళు చెప్పారట. ఆయన ఎక్కలేదు. రెండో రోజు మేము వెళ్ళేసరికి ఇద్దరూ ఒకే బ్రెడ్డు ప్యాకెట్టు తింటున్నారు. "ఇది నా ఇంటి మనిషి బాబూ, దీన్ని వదిలి నేనెక్కడికి పోను?" అన్నాడు. ఇద్దర్నీ ఎక్కించుకున్నాం. ఆ కుక్క ఎంత, పన్నెండు కిలోల బరువు.

అసలు కష్టం నీళ్ళు తీశాక మొదలైంది. బియ్యం, బట్టలు, గ్యాస్ స్టవ్ అన్నీ బురదపాలు. అలాంటి ఇళ్ళలో కుక్కకి పెట్టడానికి ఏముంటుంది? అయినా మేము తిరిగిన ఇళ్ళలో ఒక్కరు కూడా తీసుకుపొమ్మనలేదు. "ఈ నెల గడిస్తే చాలు" అన్నారు. మేము ఇచ్చింది ఇంటికి అయిదు కిలోల నూకలు, కోడిగుడ్లు, గజ్జికి మందు. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివే పిల్లలు ఇద్దరు మాతో వచ్చారు. మురుగునీళ్ళలో తిరిగిన కుక్కలకి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుందని, అది మనుషులకీ అంటుతుందని వాళ్ళే ఇంటింటికీ చెప్పారు. రెండు నెలల్లో చాలామంది మళ్ళీ పనుల్లో పడ్డారు, మా నూకల అవసరం తీరిపోయింది.

ఆటో కిస్తీ కట్టుకుంటూ ఐదేళ్ళు సాకారు అన్నా వీళ్ళు. కాలు విరగడం నిన్నగాక మొన్న.

నిజం_చెప్తా · సోమవారం, మధ్యాహ్నం 1:42

మీరు చెప్పిన పెద్దాయన సంగతి చదివాక నా మాట కఠినంగా ఉందనిపించింది. ఆ అమ్మ నొచ్చుకుని ఉంటే క్షమించాలి. కానీ నా అనుమానం ఇంకొకటి ఉంది, అదీ అడుగుతాను. పోయినేడాది వాట్సాప్‌లో ఒక కుక్కపిల్ల ఆపరేషన్‌కి అని 2,000 పంపాను. అదే ఫోటో మూడు నెలల తర్వాత వేరే ఊరి పేరుతో మళ్ళీ వచ్చింది. అప్పటి నుంచి జంతువుల పేరుతో ఎవరడిగినా నమ్మలేకపోతున్నాను. మీరు డబ్బులు ఎలా వసూలు చేస్తారు? లెక్క ఎవరికి చెప్తారు?

వనస్థలి_సుజాత · సోమవారం, సాయంత్రం 4:30

న్యాయమైన ప్రశ్న. అందరూ అడగాలి.

మేము ఎవరి చేతికీ డబ్బు ఇవ్వం, మా ఖాతాలోకీ వేయించుకోం. మందుల షాపు పేరు, బిల్లు మొత్తం మా గ్రూపులో పెడతాం. ఇవ్వదలచినవాళ్ళు నేరుగా షాపుకే పంపుతారు. బిల్లు ఫోటో, మందు వేస్తున్న ఫోటో ఆ రోజే వస్తాయి. ఇంటికి వెళ్ళి చూడకుండా ఏ కేసూ పెట్టం. వస్తువు ఇవ్వగలిగితే వస్తువే ఇస్తాం. నూకల బస్తా మోయడం కష్టమే గానీ, దాని మీద అనుమానాలు రావు.

ఇక చిట్టి సంగతి. నారాయణగూడ వెళ్ళి వచ్చాం. టిక్ ఫీవరే. ప్లేట్‌లెట్లు 68,000. రెండు లక్షలు పైన ఉండాలట. ఈ రోజు సెలైన్ పెట్టారు, రేపూ ఎల్లుండీ వెళ్ళాలి. మందులు, రానుపోను ఖర్చు కలిపి 1,140 అయింది. బిల్లు గ్రూపులో పెట్టాను.

నిజం_చెప్తా · సోమవారం, సాయంత్రం 5:05

ఆ 1,140 నేను కడతాను. షాపు వివరాలు పంపండి.

వంటింటి_లక్ష్మి · సోమవారం, రాత్రి 8:15

అమ్మాయీ, తిండి సంగతి నాకు వదిలెయ్. రోజూ తొమ్మిది కుక్కలకి వండుతాను. ప్యాకెట్ తిండి కొనకపోతే కుక్క బతకదని చాలామంది భయపడుతున్నారు. నేను ఎప్పుడూ కొనలేదు.

చిట్టి పదిహేను కిలోలు ఉంటుందనుకుంటే రోజుకి ఒక గ్లాసు నూకలు, రెండు వందల గ్రాముల కోడి మాంసం చాలు. చికెన్ కొట్టువాడు గుండెకాయలు, కందనకాయలు, గీరిన మెడ మాంసం చవగ్గా ఇస్తాడు. మూసే టైముకి వెళ్ళి, రోజూ వస్తానని చెప్తే తీసిపెడతాడు కూడా. లివర్ వారానికి రెండుసార్లు మించొద్దు. గుమ్మడికాయ ముక్కలో, క్యారెట్టో, సొరకాయో ఏది చవకైతే అది వేసి అన్నీ కలిపి మెత్తగా ఉడికించు. చిటికెడు పసుపు వేస్తే వేయి, ఉప్పు వద్దు. కోడిగుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడి కొట్టి అర చెంచా కలుపు, ఎముకలకి మంచిది. రెండు పూటలా పెట్టు.

ఉడికించిన ఎముకలు మాత్రం పెట్టొద్దు, చీలికలై గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరన్నం అస్సలు వద్దు, రక్తకణాల్ని పాడుచేస్తాయి. మన ఇళ్ళలో మిగిలిన సాంబారన్నమే కదా కుక్కకి వేస్తాం, అందులో ఉల్లిపాయ ఉంటుందని ఎవరికీ తట్టదు. ఇప్పుడు జ్వరంలో కాబట్టి గంజిలాగా చేసి, గోరువెచ్చగా, అరచేతిలో పెట్టి నాకించు. గిన్నెలో ముట్టనివి చేతిలో తింటాయి.

బుధవారం నూకలు పది కిలోలు మా అబ్బాయితో పంపుతాను.

పల్లె_పశువైద్యుడు · సోమవారం, రాత్రి 9:00

లక్ష్మిగారు చెప్పిందంతా సరిగ్గా ఉంది. నేను చేర్చేది ఒకటే. గోమార్లు కుక్క మీద ఉన్నవాటి కంటే గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళ కింద, తలుపు చెక్కల మధ్య ఎక్కువ ఉంటాయి. ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి మందేసి ఇల్లు వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి. దాని పక్కబట్టలు మరిగే నీళ్ళలో వేయండి. పీకినవాటిని చేత్తో నలపకండి, సబ్బునీళ్ళ సీసాలో పడేయండి.

నల్లకోటు_తమ్ముడు · మంగళవారం, ఉదయం 10:40

ఓనరు విషయం మీద నాకు తెలిసింది చెప్తాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అయితే, మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు ఎక్కనివ్వకపోవడం, జరిమానాలు వేయడం కూడా కుదరదు. కానీ అక్క వాళ్ళది అపార్ట్‌మెంట్ కాదు, ఓనరమ్మ సొంత ఇంట్లో కింద పోర్షన్. అద్దె ఒప్పందంలో ఏముందో చూడాలి. మామూలుగా ఇలాంటి ఇళ్ళలో కాగితమే ఉండదు, మాట మీద నడుస్తుంది. కాబట్టి నోటీసులు, చట్టాలు అని మొదలెడితే బెడిసికొడుతుంది. పెద్దవాళ్ళని ఎవరినైనా పంపి మాట్లాడించండి.

కుక్కని ఎక్కడో వదిలేసి రావడం మాత్రం నేరమే. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో, సెక్షన్ 11లో ఉంది. జరిమానా మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు. దశాబ్దాలు గడిచినా ఆ అంకె పెరగలేదు. నగరం బయట రింగు రోడ్డు మీద వదిలేసి వెళ్ళే కార్లని ఏ చట్టం ఆపుతుంది చెప్పండి.

మల్కాజిగిరి_మాధవి · మంగళవారం, మధ్యాహ్నం 3:20

ఇది చదువుతుంటే మా కింది ఇంటివాళ్ళు గుర్తొచ్చారు. పని కోసం బెంగళూరు వెళ్ళిపోతూ వాళ్ళ పామేరియన్‌ని వీధిలో కుక్కలకి అన్నం పెట్టే ఆవిడకి అప్పజెప్పారు. ఏడేళ్ళు సోఫా మీద పెరిగింది. వీధి కుక్కలు దాన్ని తమ సందులోకి రానివ్వలేదు. పదకొండు రోజులు మా గేటు కిందే ఉంది. పన్నెండో రోజు పొద్దున లేదు. రెండు సందుల అవతల దొరికింది, అప్పటికే అయిపోయింది. వాళ్ళని తిట్టుకున్నాను గానీ, వెళ్ళేముందు వారం రోజులు ఆ ఇల్లాలు అందర్నీ అడుగుతూ తిరిగింది. నన్నూ అడిగింది. నాకు వీలుకాదని చెప్పి తలుపేసుకున్నాను. రెండు నెలలు ఎవరైనా ఉంచుకుని ఉంటే అక్కడ ఇల్లు చూసుకుని వచ్చి తీసుకెళ్ళేవాళ్ళేమో. ఆమె అడిగింది కూడా రెండు నెలలే.

సుజాతగారూ, మీ గుంపులో నన్ను చేర్చుకోండి. నాకు డాబా మీద ఒక గది ఖాళీగా ఉంది.

ఎల్‌ఏ_తెలుగమ్మాయి · మంగళవారం, రాత్రి 11:30

మాధవిగారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

నేనుండే లాస్ ఏంజిలెస్‌లో ఇలాంటిదే ఒక పని దగ్గర నుంచి చూశాను. దక్షిణ లాస్ ఏంజిలెస్‌లో బీదవాళ్ళు ఎక్కువ. అక్కడ నగరపాలిక నడిపే జంతువుల ఆశ్రయానికి, అంటే షెల్టర్‌కి, కుక్కల్ని అప్పజెప్పడానికి వరుసగా వచ్చేవాళ్ళు. 2013లో డౌన్‌టౌన్ డాగ్ రెస్క్యూ అనే సంస్థ ఆ షెల్టర్ దగ్గరే ఒక మనిషిని కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళేముందు అడగడమే ఆ మనిషి పని: "మీ కుక్క మీ దగ్గరే ఉండాలంటే ఏం కావాలి?" కొందరికి కంచె విరిగింది, పలకలు కావాలి. కొందరికి ఆపరేషన్ ఖర్చు. కొందరికి ఓనరు అడిగిన అడ్వాన్సు. అది సర్దితే కుక్కతోనే వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. సుజాతగారు మొదటి రోజు అడిగింది అదే మాట, అందుకే ఇక్కడ రాయాలనిపించింది.

వనస్థలి_సుజాత · గురువారం, రాత్రి 9:10

ఈ రోజు లక్ష్మిగారు, నేను కలిసి ఓనరమ్మ దగ్గరికి వెళ్ళాం. లక్ష్మిగారిని చూడగానే ఆవిడ కుర్చీ వేసింది. పెద్దరికం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

అరగంట మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. ఆవిడకి చిట్టి మీద కోపం లేదు. ఏడాదికి రెండుసార్లు చిట్టి ఎదకొచ్చినప్పుడు మూడు వారాల పాటు గేటు ముందు ఎనిమిది, పది మగకుక్కలు చేరుతున్నాయట. రాత్రంతా కొట్లాటలు, గేటంతా మూత్రం. పోయినసారి మనవడు సైకిల్ మీద వస్తుంటే ఒకటి వెంటపడింది. పిల్లాడు పడి మోచెయ్యి చీరుకుపోయింది. అది విన్నాక ఆవిడని తప్పు పట్టలేకపోయాను. మనం ఓనరు అనగానే కఠినాత్ములు అనుకుంటాం.

దీనికి మందు కుటుంబ నియంత్రణ ఆపరేషనే. చేయిస్తే ఆ మగకుక్కల గోల పూర్తిగా పోతుందని చెప్పాం. గేటు నేనే కడిగిస్తానన్నాను. తులసికోట వైపు చిట్టి వెళ్ళకుండా ఒక చెక్క అడ్డం పెట్టమన్నారు, ఈ రోజే పెట్టాం. దసరా వెళ్ళేదాకా చూస్తానంది ఆవిడ. చేయించిన కాగితం చూపించాలట.

అమ్మా, ఈ సంగతి మీకు ముందే తెలుసా?

చిట్టి_వాళ్ళమ్మ · గురువారం, రాత్రి 9:50

కుక్కలు చేరుతున్నాయని తెలుసక్కా. దానివల్లే ఓనరమ్మ కోపంగా ఉందని నాకు చెప్పలేదు. "మీ కుక్క పీడ" అనేది అంతే. ఆపరేషన్ చేయిస్తే కుక్క లావైపోయి చచ్చిపోతుందని మా ఆడపడుచు చెబితే భయపడి ఇన్నేళ్ళు చేయించలేదు.

చిట్టి ఈ రోజు గేటు దాకా నడిచింది. లక్ష్మమ్మగారు చెప్పినట్టు చేత్తో పెడితే గిన్నెడు తింది.

పల్లె_పశువైద్యుడు · శుక్రవారం, ఉదయం 6:00

చచ్చిపోదమ్మా. కొంచెం ఒళ్ళు చేస్తుంది, తిండి ఆ మేరకి తగ్గించుకోవాలి. చేయించకపోతేనే వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పడుతుంది, రొమ్ము గడ్డలు వస్తాయి.

కానీ ఇప్పుడే వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు కోస్తే రక్తం ఆగదు. డాక్సీ కోర్సు అంతా పూర్తవ్వాలి. తర్వాత మళ్ళీ రక్తపరీక్ష, అది బాగుంటేనే. ఎదకొచ్చి ఎన్నాళ్ళయింది?

చిట్టి_వాళ్ళమ్మ · శుక్రవారం, ఉదయం 7:15

జూన్ మొదట్లో అండీ.

పల్లె_పశువైద్యుడు · శుక్రవారం, ఉదయం 7:20

అయితే సరైన టైమే. మందులు అయిపోయాక చేయించేయండి. యాంటీ రేబిస్ ఎప్పుడు వేయించారో కార్డు చూడండి. ఏటా జులై 6న జూనోసిస్ దినానికి, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటే రోగాల దినానికి, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఈ ఏడు తప్పిపోయి ఉంటే వచ్చే ఏటికి ఆగొద్దు, చిట్టి కోలుకోగానే వేయించండి. ఇంట్లో పాప ఉందిగా.

నిజం_చెప్తా · శనివారం, ఉదయం 11:00

సుజాతగారూ, నాకొక సందేహం. ఏ కేసులోనైనా కుక్కని ఇంట్లోనే ఉంచమంటారా?

వనస్థలి_సుజాత · శనివారం, మధ్యాహ్నం 12:25

లేదండీ. పోయిన వేసవిలో ఒక ఇంట్లో కుక్క రెండేళ్ళ బాబుని మొహం మీద కరిచింది. ఆ తల్లికి ఉంచుకోమని నేనెలా చెప్తాను? పెద్ద వయసు కుక్కల్ని తీసుకునే, పిల్లలు లేని ఇంటిని వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకో ఇంట్లో తాగి వచ్చి కుక్కని కొట్టేవాడు. అక్కడి నుంచి తెచ్చేశాం. వద్దని మనసులో నిర్ణయించుకున్నవాళ్ళ దగ్గర బలవంతంగా ఉంచితే కుక్కకే కష్టం. అందుకే ముందు ఇంటికి వెళ్ళి చూస్తాం, వినాల్సింది వింటాం.

చిట్టి_వాళ్ళమ్మ · ఐదు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నిన్న మళ్ళీ రక్తం చూశారు. ప్లేట్‌లెట్లు 2,30,000. ఆపరేషన్‌కి ఈ గురువారం రమ్మన్నారు. మా ఆయన చేతికర్రతో లేచి తిరుగుతున్నారు, ఆటో తీయడానికి ఇంకో నెల అన్నారు. నూకలు ఈ నెలకి సరిపోతాయి, వచ్చే నెల నుంచి నేను కొనుక్కోగలను. ఎక్కువగా పంపినవి వేరేవాళ్ళకి ఇవ్వండి.

గురువారం ఉదయం నాకు వంట పని ఉంది. చిట్టిని తీసుకెళ్ళడానికి ఎవరికైనా వీలవుతుందా? పాప కూడా వస్తానంటోంది, స్కూలు మానిపించాలా వద్దా తెలియడం లేదు.

మల్కాజిగిరి_మాధవి · మంగళవారం, రాత్రి 8:55

నేను వస్తాను. 7 గంటలకల్లా మీ గేటు దగ్గర ఉంటాను. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు మెట్లు ఎక్కకుండా చూసుకోవాలి, కావాలంటే ఎత్తుకుని పైకి తీసుకెళ్ళి మా డాబా గదిలో ఉంచుకుంటాను. పాపని స్కూలు అయ్యాక నేరుగా ఇక్కడికే తీసుకురండి.

పల్లె_పశువైద్యుడు · మంగళవారం, రాత్రి 9:10

బుధవారం రాత్రి పదింటి తర్వాత తిండి పెట్టకండి. నీళ్ళు పొద్దున దాకా ఇవ్వొచ్చు. పాత చొక్కా ఒకటి తీసుకెళ్ళండి, కుట్లు నాకకుండా తొడగడానికి.